మైల తలుపు కాడి అరుగు

“కరిసిందా అని అడిగిండ్రు తమ్మీ. కరవలేదని చెప్పినం. అండ్ల అబద్ధమేమున్నది? బర్రె యాడనన్న కరుస్తదా? కుక్క కరుస్తది, పాము కరుస్తది. బర్రె అయితె కొమ్ముతోని పొడుస్తది, కాలుతోని తంతది. కరిసిందా అంటె లేదనే అంటం గద, ఎవలమైన.”

గంగమణక్క కొలత టేపు చివరను గోడకు ఆనించి పట్టుకుని ఈ మాటలు చెబుతోంది. రెండో చివర నా చేతిలో ఉంది. మధ్యలో టేపు వదులై నేల మీదికి జారింది. నేను అడిగింది చిన్న ప్రశ్న: “అక్కా, ఈ అరుగు పాత ప్లాన్‌లో లేదు. ఎవరు కట్టించారు?” నేనే కట్టించానని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు కట్టించిందో చెప్పకుండా ఎవరు కట్టించారో చెప్పడం ఆమెకు చేతకాదు.

మేమున్నది పెర్కిట్ దాటాక హైవే నుంచి మట్టిదారిలో కొంచెం లోపలికి వెళ్తే వచ్చే పశువ్యాధుల ల్యాబులో. చచ్చిన పశువును గానీ, దాని రక్తాన్నో మెదడు ముక్కనో గానీ తెస్తే, ఏ రోగంతో చచ్చిందో ఇక్కడ పరీక్ష చేసి చెబుతారు. గంగమణక్క ఇక్కడ ఊడ్చి కడిగే పని చేస్తుంది. నేను ఆర్మూర్‌లో ఇళ్లకు ప్లాన్లు గీస్తాను. కాలేజీలో చదివిన విద్య కాదు. జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తూ, గిరాకీ లేనప్పుడు కంప్యూటర్ మీద గీసి చెరిపి నేర్చుకున్నది. ల్యాబును పెంచి కట్టే పని పట్టిన కాంట్రాక్టరు, ఉన్న కట్టడాన్ని కొలిచి బొమ్మ గీసివ్వమని నన్ను పంపాడు. కొత్త ప్లాన్‌లో ఈ వరండా అంతా సాంపిల్లు దాచే చలిగది అవుతుంది. అరుగు పోతుంది. ఆ సంగతి గంగమణక్కకు ఆ పొద్దునే తెలిసింది, అదీ నా నోటి నుంచే.

ఆమె వెంట తిరిగితే గాని ఆ కట్టడం నాకు అర్థం కాలేదు. ఇల్లు గీసేటప్పుడు మనిషి ఎలా తిరుగుతాడో చూసుకుంటాం. ఇక్కడ రోగం ఎలా తిరుగుతుందో చూసుకుని గీశారు. వెనక వైపు ర్యాంపు ఉంది. అక్కడ ట్రాలీ ఆగితే గొలుసులతో పశువును ఎత్తి కోత గదిలోకి దించుతారు. ఆ గది నేల ఒక పక్కకు వాలి ఉంటుంది. కడిగిన నీళ్లు విడిగా కట్టిన తొట్టిలోకి పోయి, మందు కలిశాకే బయటికి వస్తాయి. గోడ నేలను కలిసే చోట మూల అనేదే లేదు, దోసిలి వంచినట్టు గుండ్రంగా తిప్పి పూత పూశారు. చీపురు అందని మూల ఉంటే రోగం అక్కడ కూర్చుంటుందట. కోత గదిలోకి పోయినవాళ్లు పోయిన తలుపున తిరిగి రాకూడదు. బట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి, వేరే బట్టలతో ఇంకో తలుపున బయటపడాలి. గాలి కూడా అంతే. పరీక్షలు చేసే గదుల నుంచి కోత గది వైపు వెళ్తుందే తప్ప, అటు నుంచి ఇటు రాదు.

“ఇంజినీర్లు దీన్ని డర్టీ సైడు, క్లీన్ సైడు అంటరు. మేమైతె మైల దిక్కు, మడి దిక్కు అంటం. సావుకు పోయొచ్చినోడు తానం జెయ్యకుంట వంటింట్లకు వస్తడా? రాడు. గంతే ముచ్చట. జల్దిన ఎక్కింది నాకు.”

స్టూలు మీద కూర్చుని పల్లీలు తింటున్న వాచ్‌మన్ సాయిలు అందుకున్నాడు. “ఎక్కుడంటె మామూలుగ ఎక్కలేదన్నా, నెత్తికే ఎక్కింది. మొన్న మా ఇంటికి దావత్‌కు పిలిస్తె వచ్చి, వంటింటికి ఒక్కటే తలుపేందని నా పెండ్లాంతోని లొల్లి పెట్టుకున్నది.”

“పెట్టుకోనా మరి? నీ కోళ్లు పొయ్యి కాడికే వస్తున్నయ్ గద! కూర గిన్నెల తొంగిచూస్తున్నయ్, ఏం వండుతున్నరో అని.”

“వాటి చుట్టాన్నే వండినం గద, చూస్తయి మరి,” అన్నాడు సాయిలు. గంగమణక్క నవ్వింది. నవ్వినప్పుడు ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. బీడీలు చుట్టిన మనిషి. ఆకు తిప్పి తిప్పి చూపుడువేలు కాస్త వంకరగా నిలిచిపోయింది.

ఆమెది దొంకేశ్వర్. పెళ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలే. భర్త బాబురావు కొన్నేళ్లు గల్ఫ్‌లో కూలి చేసి, ఇక చాలనుకుని ఊరికి వచ్చి, ఉన్న భూమిలో మక్కజొన్న, పసుపు వేసుకున్నాడు. ఒక బర్రెను కొన్నాడు. అక్కడి నుంచి వస్తూ వస్తూ ఒక అలవాటు తెచ్చుకున్నాడు: పాలు లేని సులేమాని చాయ్. తెల్లవారి లేచి చుట్టుపక్కల ఇళ్లకు పాలు పోసి వచ్చి, తాను మాత్రం నల్ల చాయ్ తాగేవాడు.

“ఊరంత మస్కిరీ చేసేది. ‘నీ పాలల్ల ఏం కలుపుతున్నవ్ బాబురావ్, నువ్వే తాగుతలేవ్’ అందురు. గాయన గూడ నవ్వుతుండె. బర్రెను మాత్రం నా కంటె మంచిగ చూసుకునేటోడు. నన్ను ‘ఏయ్’ అని పిలుస్తుండె, దాన్ని ‘లచ్చవ్వా’ అని పిలుస్తుండె. ‘దాని పేరు నాకు పెట్టు, నా పేరు దానికి పెట్టు, జర నాగ్గూడ మర్యాద దొరుకుతది’ అని నేను కొట్లాడుతుంటి.”

ఆ ఏడు మక్కలు ఒలిచే రోజుల్లో లచ్చవ్వ మేత మానేసింది. నోటి నుంచి సొల్లు తీగలు సాగుతోంది. మెడ చాచి, గొంతు బొంగురు పోయినట్టు అరుస్తోంది. నీళ్ల తొట్టిలో మూతి పెట్టి, తాగలేక వెనక్కి తీసుకుంటోంది. ఆ వైపు ఊళ్లలో ఈ కాలంలో ఇలా కనిపిస్తే ఎవరికైనా ఒకటే తోస్తుంది. గింజ ఒలిచిన కంకులు కల్లాల్లో కుప్పలుగా పడి ఉంటాయి. తాడు తెంచుకున్న గొడ్డు ఆశపడి కంకిని నమలకుండా మింగుతుంది, అది గొంతులో అడ్డం పడుతుంది. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో జరిగేదే. నోట్లో చెయ్యి పెట్టి కంకి లాగడం అక్కడ అందరికీ వచ్చిన పని. దానికి డాక్టరు కోసం ఆగరు. ఆగితే గొడ్డుకు ఊపిరాడదు.

“మా ఆయనకు చెయ్యి సన్నగుంటది. వేరేటోళ్లు గూడ పిలుచుకపోదురు కంకి తియ్యనీకి. నేను ముక్కుతాడు పట్టుకున్న. మోచెయ్యి దాంక పెట్టిండు. మక్కలు ఒలిసీ ఒలిసీ వేళ్లన్ని గీసుకపోయి ఉన్నయ్. లోపల అంతట దేవులాడిండు. ‘దొరుకుతలేదే’ అన్నడు. మల్ల పెట్టిండు. ఎట్ల దొరుకుతది తమ్మీ? అండ్ల కంకే లేకపాయె.”

టేపు చివర ఇంకా ఆమె వేలి కింద గోడకే ఉంది. వదిలేయమని చెప్పాను. ఆమె వినలేదు.

బర్రె చచ్చిపోయింది. ఊరి పశువుల డాక్టరుకు అనుమానం వచ్చి, ల్యాబుకు తీసుకుపొమ్మన్నాడు. ట్రాలీ మీద ఇక్కడికే తెచ్చారు. ర్యాంపు దగ్గర దించుకున్నారు, అడగాల్సినవి అడిగారు. ఎప్పటి నుంచి మేయడం లేదు? ఊళ్లో పిచ్చికుక్క తిరిగిందా? ఎవరినైనా కరిచిందా? బాబురావు దేనికీ అబద్ధం చెప్పలేదు. కంకి ఇరికిందనుకున్నామని కూడా చెప్పాడు. కంకి కోసం చెయ్యి పెట్టానని మాత్రం చెప్పలేదు. దాచి కాదు, అదొక చెప్పాల్సిన సంగతని అతనికి తోచలేదు. అన్నం తిన్నానని చెబితే చేత్తో తిన్నానని వేరే చెబుతామా? కోత గది దగ్గర బయటివాళ్లు నిలబడకూడదు కాబట్టి వాళ్లను పంపించేశారు. అలా పంపడం తప్పని గంగమణక్క ఎప్పుడూ అనదు.

రేబిస్ అని తేలింది. ఎప్పుడో ఏదో పిచ్చికుక్క లచ్చవ్వను కరిచింది, ఎవరి కంటా పడలేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పారు. కరిచి ఉంటే వెంటనే దవాఖానకు పొమ్మన్నారు. కరిపించుకున్నవాళ్లు ఎవరూ లేరు. పాలు తాగినవాళ్లు మాత్రం ఉన్నారు, వాళ్లు బెదిరారు.

“గల్లి గల్లంత పరేశాన్. గాయనే ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. ‘మా పాలు పోసుకున్నోళ్లంత నడువుండ్రి, నాదే పూచీ’ అని ఆటోలు మాట్లాడిండు. అందర్ని ఆర్మూర్ దవాఖానకు తోల్కపోయిండు. నేను గూడ సూదులు ఏసుకున్న, నేను పాల చాయ్ తాగుత గద. ఆయన బయట మా చెప్పుల కాడ కూసున్నడు. ‘నువ్వు గూడ ఏసుకోరాదు’ అన్న. ‘నేను పాలే తాగ, నాకెందుకే సూది’ అన్నడు. నిజమే గద అనుకున్న. మల్ల మల్ల రమ్మంటరు సూదులకు. పోయినప్పుడల్ల అందర్ని జమ చేసి తోల్కపోయిండు. పోయినప్పుడల్ల బయటనే కూసున్నడు.”

పాలు కాచి తాగితే ఆ రోగం అంటుకోదని ఆమెకు తర్వాత తెలిసింది. గీసుకుపోయిన వేలికి సొల్లు తగిలితే అంటుతుందని, కరవనక్కర్లేదని కూడా తర్వాతే తెలిసింది.

పసుపు తవ్వకాలు మొదలయ్యాక బాబురావు చెయ్యి తిమ్మిరిగా, జివ్వుమంటోందని అన్నాడు. గడ్డపార పట్టినందుకేనని ఇద్దరూ అనుకున్నారు. కొబ్బరినూనె రాసింది.

“ఒకనాడు పొద్దుగాల సులేమాని ఇచ్చిన. గిలాస మూతి కాడికి తెచ్చుకున్నడు. గొంతు పట్టేసింది. గిలాస దిక్కు చూసి వణికిండు తమ్మీ. నల్ల చాయ్‌ని చూసి వణికిండు. లచ్చవ్వ తొట్టి కాడ ఎట్ల జేసెనో గట్లనే. నాకు అప్పుడు సమజైంది. సమజై ఏం లాభం? ఫ్యాను గాలి గూడ పడలే ఆయనకు. దవాఖానల మంచం కాడికి పోతె ‘దూరముండు’ అన్నడు. ‘నా సొల్లు అంటుతది నీకు, దూరముండు’ అన్నడు. పెండ్లయినకాంచి గా మాట అనని మనిషి. నాకు సూదులు పడ్డయ్, నాకేం గాదు అన్న. అయినా రానియ్యలే. దర్వాజ కాడ్నే నిలబడ్డ. అందరు లోపలికి పోతున్నరు వస్తున్నరు, నర్సులు, డాక్టర్లు. నేను ఒక్కదాన్ని దర్వాజ కాడ.”

సాయిలు పల్లీల పొట్లం మడిచి జేబులో పెట్టుకుని గేటు వైపు పోయాడు. ఈ కథ అతను ఎన్నోసార్లు విని ఉంటాడు. అయినా ఈ చోటుకు వచ్చేసరికి లేచి పోతాడని తర్వాత గమనించాను.

ల్యాబులో కడిగే మనిషి కావాల్సి వచ్చినప్పుడు అక్కడి డాక్టర్ సంధ్యారాణి మేడమే గంగమణక్కను పిలిపించింది. మొగుణ్ని తిన్న రోగం దగ్గరికే పనికి పోతావా అని చుట్టాలు గొడవపడ్డారు. ఆమె పెర్కిట్‌లో గది అద్దెకు తీసుకుని వచ్చేసింది. కొత్తలో ర్యాంపు కడుగుతూ, గొడ్డును దించి పోయేవాళ్లను చూసేది. నిలబడ్డ మనిషి ఏదీ చెప్పడు, ఆ మనిషి మనసంతా తిరిగి ట్రాలీ ఎక్కడం మీదే ఉంటుంది. అందుకని కాంపౌండు గోడ కట్టగా మిగిలిన ఇటుకలతో, మేడంను ఒప్పించి, మేస్త్రీని బతిమాలి, మైల తలుపుకు ఇవతల ఈ అరుగు కట్టించింది. పక్కనే నల్లా పెట్టించింది.

“ముందుగాల చేతులు కడుక్కోమంట, సబ్బుతోని. తాగనీకి నీళ్లిస్త. కూసోమంట. ‘మంచి గొడ్డే, పాపం, మస్తు సేవ చేసినట్టున్నరు’ అంట. ఇగ గంతే, కండ్లల్ల నీళ్లు తీస్తరు. ‘మందు ఎవలు తాపిండ్రు? నోరు ఎవలు తెర్సిండ్రు?’ అంట. అప్పుడు చెప్తరు. మా చిన్నోడు తెర్సిండు, కంకి ఉన్నదేమో అని చూసిండు అని. కరిసిందా అంటె ఎవ్వలు చెప్పరు తమ్మీ. ఎట్ల చూసుకున్నరు అంటె అన్ని చెప్తరు.”

అలా తెలిసిన మాటను ఆమె మేడం చెవిన వేస్తుంది. మేడం వాళ్లను ఎటూ పోనివ్వకుండా నేరుగా దవాఖానకు పంపుతుంది. ఒకసారి ఒక కోడలు పిల్ల, అత్త వింటుందని భయపడి, నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ గుసగుసగా చెప్పిందట. ఆ పిల్లకు ఇప్పుడు కొడుకు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం గంగమణక్క నా వైపు చూడలేదు, నల్లా వైపు చూసింది.

మేడం అప్పుడే పరీక్షల గదుల వైపు తలుపు తీసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి, ముఖం మీద మాస్కు తాళ్ల గుర్తులు.

“ఏం గంగమణీ, కొలతలు అయినయా, ముచ్చట్లే అయినయా?”

“రెండు అయితున్నయ్ మేడం. అరుగు పోతదట గద.”

“పోతది.”

“మీకు ముందుగాలనే ఎరుకనా?”

“ఎరుకనే. నీకెట్ల చెప్పాల్నో తెల్వక చెప్పలే.” మేడం అదే అరుగు అంచున కూర్చుంది. “చలిగది లేక ఎండకాలం సాంపిల్లు ఖరాబైతున్నయ్. ఖరాబైతె రోగమేందో తేలదు. తేలకుంటె నువ్వు ఎంత మంచిగ అడిగినా ఏం చేస్తం చెప్పు? ఇంకొకటి గూడ ఉన్నది. మొన్న ఒకామె చంటిపిల్లను ఎత్తుకోని వచ్చి ఇక్కడ కూసున్నది. పక్కకే మైల తలుపు. ఊపిరితోని అంటుకునే రోగం ఏదన్న ఉంటె? కూసోబెట్టి మనమే అంటిచ్చినట్టు గాదా?”

మేడం చెప్పింది నిజం. గంగమణక్కకు అది తెలుసు. నిజం కాకపోతే కొట్లాడేది.

“బాబూ,” అని మేడం నా వైపు తిరిగింది, “వాళ్ల కోసం చిన్న గది ఎక్కడన్న వస్తదేమో చూడు. బయటికి వేరే తలుపు ఉండాలె. నల్లా ఉండాలె. లోపలి దిక్కు తొవ్వ ఉండొద్దు. మాట వినపడితె చాలు.”

చూశాను. కాగితం నేల మీద పరిచి, టేపు పట్టుకుని కట్టడం చుట్టూ తిరిగాను, గంగమణక్క నా వెనకే. ఉత్తరం మూల బాగుందనుకుంటే, కోత గది గాలిని బయటికి తోసే గొట్టం సరిగ్గా ఆ పైనే ఉంది. దక్షిణం వైపు మురికి నీళ్ల తొట్టి. దాని మీద ఏదీ కట్టకూడదు. జనరేటరు పక్కన మాట వినపడదు. నాకు తెలిసిన ఇళ్ల లెక్క ప్రకారం ఇంత జాగాలో ఒక గది ఇట్టే దూర్చవచ్చు. ఇక్కడ ఏ గోడను కదిపినా రోగానికి కొత్త దారి తెరుచుకుంటోంది. చివరికి గేటు దగ్గర, సాయిలు గది పక్కన కొంచెం చోటు మిగిలింది. చూపించాను.

“గేటు కాడ ఎవలు ఆగుతరు తమ్మీ?” అంది గంగమణక్క మెల్లగా. “గేటు కనపడ్డదంటె పోవుడే. నువ్వు గీయి. నేను వద్దంటలేను. ఏదో ఒకటి గీయి.”

పని జరిగినన్నాళ్లు వరండాలోకి ఎవరినీ రానివ్వవద్దని ఆ రోజే పైనుంచి మాట వచ్చింది. కొలతల కోసం నేను సుద్దతో గీసిన గీతల చుట్టూ సాయిలు తాడు కట్టాడు. గొడ్డును తెచ్చినవాళ్లు పక్కనున్న అద్దం కిటికీ దగ్గర మైకులో వివరాలు చెప్పి వెళ్లాలి. కిటికీ వెనక క్లర్కు కూర్చుంటాడు. పని తొందరగా తెములుతుంది, లోపలివాళ్లకూ బయటివాళ్లకూ క్షేమం.

మధ్యాహ్నం దాటాక ట్రాలీ ఆటో వచ్చింది. చచ్చిన బర్రె పడ్డ ఒకటి, దాని మీద కప్పిన పాత చీర. తెచ్చిన మనిషి ముప్పై ఏళ్లవాడు, నిద్ర లేని కళ్లు. గంగమణక్క అప్పటికే రబ్బరు బూట్లు, గౌను వేసుకుని మైల దిక్కుకు పోయింది. గొడ్డును లోపలికి దించాక అతను అద్దం ముందుకు వచ్చాడు. మైకులో మాటలు వాకిలంతా వినిపించాయి. పేరు మల్లేష్. మాక్లూర్‌లో మక్క గోదాం వెనక ఇల్లు. మేత మానేసింది, సొల్లు కార్చింది.

“ఎవరినైనా కరిచిందా?” అని మైకు అడిగింది.

“లేదు సార్.”

అతను అద్దం అంచు పట్టుకుని వంగి మాట్లాడుతున్నాడు. గంగమణక్క కోత గది అద్దంలోంచి అతని చేతినే చూస్తోంది. వేళ్ల కణుపుల మీద పసుపు ముద్ద ఎండి పెచ్చులు కట్టి ఉంది.

మల్లేష్‌కు ఇంటి దగ్గర పసుపు ఉడుకుతోందట, తొందరలో ఉన్నాడు. ఆటో స్టార్టయింది. గంగమణక్క లోపలి నుంచి ఆ గది అద్దాన్ని చేత్తో కొట్టింది. ఏదో అరిచింది. అక్కడ మైకు లేదు, మాట ఇవతలికి రాలేదు. అతను తిరిగి చూశాడు. గొడ్డును దించుకున్న పెద్దావిడ పోయిరా అంటోందనుకున్నాడు కాబోలు, పచ్చటి చెయ్యి ఎత్తి ఊపి ఆటో ఎక్కాడు. నేను ఉత్తరం మూల నుంచి పరిగెత్తుకుని వచ్చేసరికి మట్టిదారిలో దుమ్ము మాత్రమే ఉంది.

ఆమె సైగ చూసి క్లర్కు మల్లేష్‌కు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మేడం అప్పటికే కోత గదిలో ఉంది, గంగమణక్క ఆమెకు సంగతి చెప్పింది. లోపలి నుంచే ఇంటర్‌కమ్‌లో, మాక్లూర్ పశువుల డాక్టరుకు కూడా చెప్పమంది, ఎత్తేదాకా ఫోన్ చేస్తూనే ఉండమంది. ఎవరు చేయగలిగింది వాళ్లు చేస్తున్నారు.

గంగమణక్క తాడు వరకు వచ్చి ఆగింది. మైల దిక్కు నుంచి స్నానం చేయకుండా దాటకూడదు. తాడుకు అవతల ఆమె, ఇవతల నేను. గౌను ముందు భాగం తడిసి ఉంది. చేతులు శరీరానికి దూరంగా పట్టుకుంది, ఎక్కడా తగలకుండా.

“పని పసుపే కావచ్చు తమ్మీ. ఈ దినాలల్ల ఆర్మూర్ దిక్కు ఎవని చెయ్యి పచ్చగ లేదు? పసుపు మార్కెట్ యార్డుల ఒక్క తిరుగుడు తిరిగొస్తె నీ చెయ్యి గూడ పచ్చగనే అయితది. అయితె పని పసుపు అరచేతికి అంటుతది. గా పిలగానికి కణుపుల మీద ముద్ద లెక్క ఉండె, దెబ్బకు పెట్టుకున్నట్టు. ఏమో. నాకే గట్ల కొడుతున్నదో. మేడం మాక్లూర్ డాక్టర్‌కు చెప్పింది, గాయన పోతడు. పోయి కరిసిందా అంటడేమో అని నా భయం.”

“నేను పోతాలే అక్కా,” అన్నాను.

“పో. నేను తానం చేసి బయటపడేటాలకు ఆలస్యమైతది, నాకు బండి గూడ లేదు. టేపు గాడ్నే పడెయ్. పోంగనే అడగకు, బెదురుతడు, ఏం లేదంటడు. చాయ్ ఇస్తె తాగు, కూసో. పడ్డ మంచిగుండె, ఎన్ని దినాలు చూసుకున్నరో అను. వానితోనే చెప్పియ్యి. నోట్లె చెయ్యి పెట్టిన్నంటె, అక్కడికక్కడ్నే సబ్బుతోని కడిగిపియ్యి, నీళ్లు ధార కట్టి మస్తుసేపు కడిగిపియ్యి, అప్పుడు బండెక్కించుకోని సీదా దవాఖానకు పో. పసుపు ఉడుకుతున్నది, రేపొస్తనంటడు. ఇనకు. పొయ్యి ఆర్పిచ్చి తీస్కపో. ఇంట్ల ఆడోళ్లను గూడ అడుగు తమ్మీ. గొడ్డు తల పట్టేది వాళ్లే, వాళ్లంతల వాళ్లు చెప్పరు. వాకిట్ల నిలబడి అడగకు, లోపలికి పోయి అడుగు. పో, బండి తియ్యి.”